హిందీ సినిమాకు బాణీలు: ఓరుగల్లు నుంచి వచ్చిన ప్రశ్నలకు జవాబులు

హిందీ సినిమాలకు సంగీతం చేయాలనుకునే అమ్మాయిలు, వాళ్ల ఇంటివాళ్లు వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, మంచిర్యాల వైపు నుంచి రాసిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన ప్రశ్నలను ఈసారి తీసుకున్నాం. రికార్డింగ్, నేపథ్య సంగీతం, ఒప్పందాల పనులు తెలిసినవాళ్లు కలిసి రాసిన జవాబులివి.

నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్న. సొంతంగ బాణీలు కడత. హిందీ సినిమాలకు చేయాలని ఉన్నదంటే "ఆడపిల్లవు, మంచిగ పాడతవు, పాడుకో. మ్యూజిక్ డైరెక్షన్ ఎవరిస్తరు" అంటున్నరు. హిందీల నిజంగ ఆడవాళ్లు ఎవరన్న చేసిన్రా?
— ఒక విద్యార్థిని, హన్మకొండ

చేశారు. మాటల సినిమా వచ్చిన నాలుగేళ్లకే చేశారు. బాంబే టాకీస్ 1935లో తీసిన 'జవానీ కీ హవా'కు సంగీతం సరస్వతీ దేవిది. ఆమె అసలు పేరు ఖుర్షీద్ మినోచర్ హోంజీ. పార్సీ కుటుంబం. సంగీత శాస్త్రజ్ఞుడు భాత్‌ఖండే దగ్గర హిందుస్థానీ నేర్చుకున్నారు. తమ ఇంటి ఆడపిల్ల సినిమాల్లో పనిచేయడానికి వీల్లేదని పార్సీ పెద్దలు గొడవ చేస్తే పేరు మార్చుకుని పని కొనసాగించారు. మరుసటి ఏడాది 'అఛూత్ కన్యా' పాటలు దేశమంతా మోగాయి. 1935లోనే నర్గీస్ తల్లి జద్దన్‌బాయి 'తలాషే హక్'కు బాణీలు కట్టారు.

తర్వాత చెప్పుకోవలసిన పేరు ఉషా ఖన్నా. 1959లో 'దిల్ దేకే దేఖో' వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. పాడతానని వెళ్లిన అమ్మాయిచేత నిర్మాత శశధర్ ముఖర్జీ కొన్ని నెలలపాటు రోజుకు రెండు పాటల చొప్పున బాణీలు కట్టించారని చెబుతారు. 'సాజన్ బినా సుహాగన్', 'సౌతన్' దాకా రెండు దశాబ్దాలకు పైగా ఆమె నిలబడ్డారు. ఆ రోజుకు రెండు పాటల సాధనను మీరు ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒక సందర్భం రాసుకోండి, గంటలో పల్లవి కట్టండి, తేదీ వేసి ఫోన్లో రికార్డు చేయండి. మూడు నెలలయ్యాక విని చూస్తే ఏ మలుపు పదేపదే వాడుతున్నారో మీకే తెలిసిపోతుంది.

ఈ కాలానికి వస్తే, స్నేహా ఖన్వల్కర్ 'ఓయ్ లక్కీ! లక్కీ ఓయ్!' (2008), 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్' (2012) చేశారు. ఊళ్లు తిరిగి అక్కడి గొంతులను, చప్పుళ్లను రికార్డు చేసి పాటల్లోకి తేవడం ఆమె పద్ధతి. అలోకానంద దాస్‌గుప్తా 'ట్రాప్డ్' సినిమాకు, 'సేక్రెడ్ గేమ్స్' వెబ్ సిరీస్‌కు నేపథ్య సంగీతం ఇచ్చారు. 'ముక్కాబాజ్' పాటలు రచితా అరోరావి. 'షేర్షా' సంగీత బృందంలో ఒకరిగా జస్లీన్ రాయల్ 2022లో ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సంగీత పురస్కారం అందుకున్నారు. మన తెలుగులోనూ భానుమతి 'చక్రపాణి'కి, పి.లీల 'చిన్నారి పాపలు'కు సంగీతం చేశారు. ఎం.ఎం.శ్రీలేఖ గురించి చెప్పే పనే లేదు.

ఇంతమంది ఉన్నా సంఖ్య తక్కువే. ఎందుకంటే ఈ పనికి దారి చాలాకాలం అసిస్టెంట్ల వరుసలోంచే ఉండేది. వాద్యకారుడిగా చేరి, అరేంజర్ అయ్యి, ఆపైన సంగీత దర్శకుడు కావడం మామూలు క్రమం. ఆ వరుసలో ఆడవాళ్లను కూర్చోనిచ్చిందే తక్కువ. ఇప్పుడు అరేంజ్‌మెంటు కంప్యూటర్లో జరుగుతోంది కాబట్టి ఆ గేటు దాటకుండానే పని చూపించే వీలుంది.

మీకు మంచి గొంతు ఉందన్నారు కాబట్టి ఒక సంగతి గట్టిగా చెబుతున్నాం. డెమోలన్నీ మీరే పాడి పంపితే విన్నవాళ్లు బాణీని వదిలేసి గొంతు గురించి మాట్లాడతారు. నాలుగు డెమోలు పంపితే రెండు మగ గొంతుతో పాడించండి, ఒకటి పాట లేని వాద్య సంగీతం పెట్టండి. ఫైలు పేరులోనూ మెయిల్‌లోనూ "కంపోజర్" అనే రాసుకోండి. "సింగర్-కంపోజర్" అని రాస్తే మొదటి మాటకే, అంటే పాడటానికే పని వస్తుంది.

మా బిడ్డ ఇంటర్ అయిపోయింది. ఐదేండ్లు కర్ణాటకం నేర్చుకున్నది. ఇంట్ల రికార్డింగ్ సిస్టమ్ పెట్టియ్యమంటున్నది. ఎంతయితదో కనుక్కోమని వాళ్ల బాపు అన్నడు. ఏమేం కొనాలె, ఎక్కడ నేర్పియ్యాలె?
— ఒక తల్లి, జనగామ

అమ్మా, ముందు కొనవలసినవి ఐదు. 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టె), 49 లేదా 61 మెట్ల మిడి కీబోర్డు (కంప్యూటర్‌కు తగిలించి వాయించేది), ఒక కండెన్సర్ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. కంప్యూటర్ కాక మిగతా నాలుగూ సుమారు 40 నుంచి 55 వేల రూపాయల్లో వస్తాయి. కండెన్సర్ మైకుకు 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఇంటర్‌ఫేస్‌లో ఆ బటన్ ఉందో లేదో చూసి కొనండి. స్పీకర్లు ఇప్పుడే వద్దు. గది సరిగా లేకుండా పెట్టిన స్పీకర్లు తప్పు చెబుతాయి, వాటిని నమ్మి చేసిన మిక్స్ బయట ఎక్కడా సరిగా వినపడదు. సాఫ్ట్‌వేర్ రీపర్ అయితే వ్యక్తిగత లైసెన్స్ 60 డాలర్లు. లాజిక్ ఆపిల్ వాటిలోనే నడుస్తుంది, విండోస్ కంప్యూటర్లో నడవదు. ఏదైనా ఒకటి ఎంచుకుని ఏడాదిపాటు మార్చకుండా పనిచేయనివ్వండి.

మన ఇళ్లలో ఎక్కువమందిని సతాయించేది కరెంటు. మైకు పెట్టగానే సన్నగా "జుమ్మ్" అని మోత వస్తే అది 50 హెర్ట్జ్ హమ్. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద వినండి. మోత పోయిందంటే తప్పు మైకుది కాదు, ఎర్తింగ్‌ది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్త్ గుంత బాగుచేయించాలి. ఎండాకాలం ఆ గుంత ఎండిపోయి మోత మళ్లీ మొదలవుతుంది కాబట్టి నీళ్లు పోస్తూ ఉండాలి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది అయితే కరెంటు పోయినప్పుడల్లా గరగర వస్తుంది. ప్యూర్ సైన్ వేవ్‌ది తీసుకోండి.

గదికి ఖరీదైన ఫోమ్ పనిలేదు. ఇంట్లో ఉన్న పాత బొంతలు, దూది పరుపులు మైకు వెనకా పాడే మనిషి వెనకా నిలబెడితే స్లాబు గదిలో వచ్చే గణగణ చాలావరకు తగ్గుతుంది. కూలరు, ఫ్యాను ఆపాల్సిందే కాబట్టి రికార్డింగ్ తెల్లవారుజామున పెట్టుకుంటే మేలు.

చదువుకు వరంగల్‌లోనే విద్యారణ్య ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది. కర్ణాటకం ఆపవద్దు. రాగజ్ఞానం, తాళం లెక్క ఆమెకు జీవితాంతం పనికొస్తాయి. దానికి కీబోర్డు మీద కార్డ్స్, అంటే కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించడం జతచేయాలి. ట్రినిటీ గ్రేడ్ పరీక్షల పుస్తకాలు పట్టుకుంటే క్రమం దొరుకుతుంది. పన్నెండు మేజర్, పన్నెండు మైనర్ కార్డులు మూడేసి రూపాల్లో చూడకుండా వాయించగలగడం మొదటి ఆరు నెలల లక్ష్యంగా పెట్టుకోమనండి. గమకం నిండా ఉన్న పల్లవి కింద కార్డు పెడితే కొన్నిచోట్ల కొట్టుకుంటుంది. అక్కడ కార్డు తీసేసి తంబూరాలా ఆగకుండా మోగే షడ్జమ పంచమాల డ్రోన్ ఉంచితే చాలు.

తెలుగుల కట్టిన బాణీకి హిందీ మాటలు పెడితే అతుకుతలేవు. పాడినోళ్లు కూడ ఇది సౌత్ ట్యూన్ అని దొరకబడుతున్నరు. తప్పు ఎక్కడున్నది?
— ఒక కీబోర్డు టీచర్, కరీంనగర్

తప్పు సాధారణంగా పాదం చివర ఉంటుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది: మనసు, వాన, ప్రేమ. చివరి అక్షరాన్ని ఎంతసేపైనా లాగొచ్చు, అందుకే మనం అలవాటుగా పొడుగు స్వరాన్ని పాదం చివర పెడతాం. హిందీలో దిల్, ప్యార్, బారిష్, ఇంతెజార్ అన్నీ హల్లు మీద ఆగిపోతాయి. అక్కడ నాలుగు మాత్రల స్వరం పెడితే గాయకుడు "ప్యారా" అని సాగదీయాలి, లేదా "ర్"ను గొణగాలి. పొడుగు స్వరాన్ని మాట మధ్యలోని "యా" మీదకు జరిపి, "ర్"ను తర్వాతి దెబ్బకు ముందు మూసేయండి. బాణీ అదే ఉంటుంది, అతుకు పోతుంది.

రెండోది, పొట్టి మాట మీద పొడుగు స్వరం. "దిల్" మీద రెండు దెబ్బలు ఆగితే "దీల్" అయిపోతుంది. దీర్ఘం ఉన్న మాటకే ఆ చోటు ఇవ్వాలి. దీనికి మంచి అలవాటు ఒకటుంది. బాణీ కట్టేటప్పుడు "తననన" వాడకుండా మొదటినుంచే హిందీ డమ్మీ మాటలతో కట్టండి. అర్థం లేకపోయినా ఫరవాలేదు, హల్లుతో ముగిసే మాటలు ఉండాలి. గీత రచయితకు మాత్రల పట్టికతోపాటు ఆ డమ్మీ కూడా పంపితే ఆయన పని సగమవుతుంది.

మూడోది ఉచ్చారణ. జిందగీ, నజర్ మాటల్లోని "జ" ఇంగ్లిష్ జెడ్ ధ్వని. "ఫ" అనడానికి కింది పెదవి పై పళ్లకు ఆనాలి. "ఖ్వాబ్", "గమ్" గొంతు లోపలి నుంచి రావాలి. వరంగల్, కరీంనగర్‌లలో ఉర్దూ మాస్టార్లకు కొదవ లేదు. వాళ్ల దగ్గర రెండు నెలలు కూర్చుంటే ఇది సరిపోతుంది. మన దక్కనీ వేరు సంగతి. "నక్కో", "కైకూ" హైదరాబాదీ పాత్ర పాటకు ప్రాణం పోస్తాయి, మిగతా పాటల్లో మాత్రం ఇమడవు.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ అమ్మాయిలు తరచూ పడే ఇబ్బంది. మీ గొంతుకు ఐదు, ఐదున్నర శ్రుతి సుఖంగా ఉంటుంది, మగ గొంతుకు ఒకటి, ఒకటిన్నర. మీ శ్రుతిలో కట్టిన పాట మగ గాయకుడికి ఇస్తే చరణం పైకి అందదు, ఒక స్థాయి (ఆక్టేవ్) దించితే పల్లవి వినపడదు. ఇచ్చే ముందే శ్రుతి మార్చి, పాటలో అన్నిటికన్నా కింది స్వరం, పై స్వరం ఏవో ఫైలు పేరులో రాయండి.

ఒక హిందీ సినిమా పాటకు డప్పు, ఒగ్గు డోలు రికార్డు చేసి పంపుమన్నరు. మా దిక్కు కళాకారులు ఉన్నరు. కానీ రికార్డింగుల డప్పు మొద్దుగ వినపడుతున్నది, కంప్యూటర్ల క్లిక్‌తోని కలుస్తలేదు.
— ఒక సౌండ్ అసిస్టెంట్, ములుగు

డప్పును మంట దగ్గర కాచి బిగువు తెస్తారు. చల్లారినా గాలిలో చెమ్మ ఉన్నా తోలు సడలి శ్రుతి దిగుతుంది. వానకాలం పదినిమిషాలకే తేడా తెలుస్తుంది. ఒక డప్పు మోగుతుండగా రెండోది కాగుతూ ఉండాలి, ప్రతి టేకు ముందు ఒక్క దెబ్బ కొట్టించి మొదటి టేకుతో పోల్చాలి. ఈ జాగ్రత్త లేకుండా రెండు టేకులను అతికిస్తే అతుకు స్పష్టంగా వినపడుతుంది.

మైకు మరీ దగ్గర పెట్టడమే మొద్దుతనానికి కారణం. మూడు నాలుగు అడుగుల దూరంలో ఒకటి, చిటికెన పుల్ల (సన్న పుల్ల) తగిలే వైపు అడుగున్నర దూరంలో ఇంకొకటి పెట్టండి. చిర్ర (పొట్టి కర్ర) దెబ్బ గట్టిగా పడ్డప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకూడదు. ఒగ్గు డోలుకు రెండు ముఖాలకూ చెరో మైకు పెట్టి, మిక్స్‌లో ఒకదాని ఫేజ్ తిప్పి వినండి. ఏ స్థానంలో అడుగు ధ్వని నిండుగా ఉందో అది ఉంచండి.

క్లిక్, అంటే కంప్యూటర్ ఇచ్చే తాళం దెబ్బల సంగతి: కళాకారుల చెవిలో క్లిక్ పెట్టి బంధించవద్దు. ఉత్సాహం పెరిగేకొద్దీ వేగం పెరగడం ఆ వాద్యం స్వభావం, వినేవాళ్లకు ఊపు వచ్చేదే దాని వల్ల. వాళ్లను స్వేచ్ఛగా వాయించనిచ్చి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో వాళ్ల దెబ్బల మీద టెంపో మ్యాప్ (వేగం ఎక్కడ ఎంత ఉందో చూపే గీత) గీయండి. పాట ముందే ఖరారై ఉంటే ముందు నడిపించే ఒక్కరి చెవిలో మాత్రం క్లిక్ ఇవ్వండి, మిగతావాళ్లు ఆయనను చూసి వాయిస్తారు.

డబ్బు, పేరు గురించి కచ్చితంగా ఉండండి. తరాలుగా వస్తున్న బతుకమ్మ బాణీకి ఒక యజమాని ఉండడు. ఎవరైనా వాడుకోవచ్చు. కానీ పాడిన మనిషి ప్రదర్శన మీద ఆ మనిషికి చట్టప్రకారం హక్కు ఉంది. ఫోన్లో రికార్డు చేసుకొచ్చి సినిమాలో కలిపేయడం తప్పు. రికార్డింగ్‌కు ముందే తెలుగులో ఒక పేజీ కాగితం రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకుని, అదే రోజు డబ్బు ఇచ్చి, తెరమీద వేసే పేరు ఎలా రాయాలో వాళ్లనే అడగండి. ఏ పాట ఎక్కడిదో తేల్చుకోవడానికి తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది.

షార్ట్ ఫిల్మ్‌ల 37 సెకండ్ల సీనుకు మ్యూజిక్ చేసిన. నా దగ్గర మంచిగనే ఉన్నది, ఎడిటర్ దగ్గర చివరికి పోయేసరికి సింక్ తప్పుతున్నదట.
— నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు

రెండింట్లో ఒకటి. సినిమా సెకనుకు 24 ఫ్రేములది అయ్యుండి వీడియో 25తో నడిచితే 37 సెకన్ల సీను 35.5 సెకన్లకే అయిపోతుంది. నాలుగు నిమిషాల పాటలో తేడా దాదాపు పది సెకన్లు. లేదా మీరు 44.1 కిలోహెర్ట్జ్‌లో చేసిన ఫైలును వాళ్ల 48 కిలోహెర్ట్జ్ ప్రాజెక్టు మార్చకుండా చదివింది. అప్పుడు సంగీతం 34 సెకన్లకు కుదించుకుపోయి, శ్రుతి కూడా సుమారు ఒకటిన్నర అర్ధస్వరం పైకి పోతుంది, అంటే కీబోర్డు మీద నల్ల మెట్లతో కలిపి మెట్టున్నర. శ్రుతి మారిందా అని ఎడిటర్‌ను అడిగితే ఏది జరిగిందో తేలుతుంది. ఇకపై ఫ్రేము రేటు మెయిల్‌లో రాయించుకోండి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలే ఇవ్వండి, మొదలుకు సరిగ్గా రెండు సెకన్ల ముందు ఒక ఫ్రేము పొడవు బీప్ పెట్టండి.

సీనులోని ముఖ్యమైన క్షణానికి దెబ్బ కలపడం లెక్కతో అవుతుంది. నాలుగు దెబ్బల ఆవృతం నిమిషానికి 96 దెబ్బల వేగంలో 2.5 సెకన్లు. తలుపు 22వ సెకనులో తెరుచుకుంటుందనుకుందాం. ఆ వేగంలో అది ఎనిమిది ఆవృతాలు దాటి తొమ్మిదోదాని చివర్లో పడుతుంది, అంటే దెబ్బ తప్పుతుంది. మొదటి తొమ్మిది ఆవృతాలను 98.2 వేగంలో పెట్టండి, సరిగ్గా 22 సెకన్లు వస్తాయి. మిగతా ఆరు ఆవృతాలు 96లో 15 సెకన్లు. మొత్తం 37. ఈ చిన్న మార్పు చెవికి తెలియదు.

మాటలున్న చోట వయొలిన్లను గొంతు ఉన్న స్థాయిలో నడిపించవద్దు. కిందికి సెల్లో, లేదా పైకి సన్నటి స్వరం. మిక్స్ ఒక్కటే ఇవ్వకుండా తాళం, బేస్, తంత్రులు, కీబోర్డు, గొంతు విడివిడి స్టెమ్స్‌గా, అన్నీ ఒకే క్షణం నుంచి మొదలయ్యేలా ఇవ్వండి. నేపథ్య సంగీతంలోకి అమ్మాయిలు రావాలని మేం ప్రత్యేకంగా కోరుకుంటున్నాం. వెబ్ సిరీస్‌లు, డాక్యుమెంటరీల వల్ల పని ఉంది, పాట ఎంపికలో జరిగే పంచాయితీలు ఇందులో తక్కువ.

ముంబై పోకుంటే కాదా?
— ఒక పాఠకురాలు, కాజీపేట

మొదటి రెండేళ్లు ఇక్కడినుంచే చేయొచ్చు. ఆ తర్వాత దర్శకుడితో ఒకే గదిలో కూర్చునే అవసరం వస్తుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వరంగల్, కాజీపేటల మీదుగా నేరుగా ముంబై వెళ్తుంది. పని వారం రోజులకు కుదించుకుని వెళ్లి రండి. సంగీతం పని ఎక్కువగా అంధేరి వెస్ట్, ఓషివారా, వెర్సోవా చుట్టూ ఉంటుంది. ఇల్లు చూస్తే అక్కడికి నడిచే దూరంలో చూడండి, రాత్రి సెషన్లు ఆలస్యమవుతాయి. పదిమందికి తక్కువ పనిచేసే చిన్న స్టూడియోలో లైంగిక వేధింపు ఎదురైతే, పనిచోట అలాంటి వేధింపులను ఆపే 2013 చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. పదిమంది, అంతకన్నా ఎక్కువ ఉంటే సంస్థలోనే కమిటీ ఉండి తీరాలి.

ఒక సినిమాకు రెండు పాటలు ఓకే అయినయి. పంపిన ఒప్పందంల సర్వహక్కులు శాశ్వతంగ వాళ్లకే, మొత్తం ప్యాకేజీ ఒక్కటే అని ఉన్నది. సంతకం పెట్టాల్నా?
— మంచిర్యాల నుంచి ఒక పాఠకురాలు

ఇప్పుడే పెట్టకండి. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, సినిమా థియేటర్లో ఆడినప్పుడు తప్ప మిగతా ఎక్కడ పాట వాడినా వచ్చే రాయల్టీలో బాణీ కట్టినవారికి, పాట రాసినవారికి వాటా ఉంటుంది. ఆ వాటాను మీరు కాగితం మీద వదులుకున్నా చెల్లదు. హక్కులు నిర్మాతకో ఆడియో కంపెనీకో ఇచ్చినా రాయల్టీ వాళ్లతో సమంగా పంచుకోవాలి. ఆచరణలో సగం కంపెనీకి, మిగిలిన సగంలో సగం మీకు, సగం గీత రచయితకు అన్నమాట. ఒప్పందంలో "చట్టప్రకారం రచయితకు దక్కే రాయల్టీ మినహా" అన్న వాక్యం చేర్పించండి. గడువు రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టం అనుకుంటుంది. అందుకే వాళ్లు "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అని రాస్తారు. దాని మీద బేరమాడే బలం కొత్తవాళ్లకు తక్కువే. ఉన్న బలాన్ని పేరు మీద, డబ్బు వాయిదాల మీద వాడండి.

ప్యాకేజీ అంటే వాద్యకారులు, గాయకులు, స్టూడియో, మిక్సింగ్ అన్నీ మీ డబ్బులోంచే. గాయకుడిని వాళ్లు మార్చమంటే రెండోసారి ఖర్చు ఎవరిదో రాసి ఉండాలి. మార్పులు రెండుసార్లు ఉచితం, మూడోసారి నుంచి ఇంత అని అంకె వేయండి. ఖర్చుల పట్టిక వేసినప్పుడు మీ పారితోషికాన్ని మొదటి వరుసలో రాయండి. చివర్లో రాస్తే మిగిలేది సున్నా. సంతకానికి 40 శాతం, స్క్రాచ్ (తాత్కాలికంగా పాడించిన పాట) ఒప్పుకోగానే 30, ఫైనల్ ఫైళ్లు ఇచ్చే ముందు 30 అడగండి. స్టెమ్స్ చివరి వాయిదా పడ్డాకే పంపాలి. పాట సినిమాలోంచి తీసేస్తే మొదటి రెండు వాయిదాలు మీవే, బాణీ కూడా మీకే తిరిగి వస్తుందని రాయించుకోండి.

పేరు విషయంలో మూడు చోట్లు విడిగా రాయించాలి: తెరమీద టైటిల్, ఆడియో ప్లాట్‌ఫామ్‌లలో ఇచ్చే వివరాలు, ఛానెళ్లకు, రాయల్టీ సొసైటీకి వెళ్లే క్యూ షీటు (ఏ సంగీతం ఎక్కడ వాడారో, ఎవరిదో రాసే పట్టిక). టైటిల్‌లో పేరు పడి క్యూ షీటులో పడకపోతే చప్పట్లు వస్తాయి, డబ్బు రాదు. పాట విడుదల కాగానే రాయల్టీలు వసూలు చేసి పంచే సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో కంపోజర్‌గా సభ్యత్వం తీసుకుని ప్రతి పాటనూ వాటాలతో నమోదు చేయండి. సభ్యత్వం ఉండి పాట నమోదు కాకపోతే ఏమీ జమకాదు. విడుదల కాని బాణీలను కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయాలంటే ఒక్కో సంగీత రచనకు 500 రూపాయలు. దరఖాస్తు తర్వాత అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు.

నిర్మాత 10 శాతం పన్ను పట్టుకుని మిగతాది ఇస్తారు. పట్టుకున్నది మీ పాన్ మీద జమయిందా అని ఏడాదికోసారి ఫారం 26ఏఎస్‌లో చూసుకోండి. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే సాధారణంగా జీఎస్టీ నమోదు కావాలి. లాయరు ఫీజు ఎక్కువవుతుందని వెనకాడకండి. రెండు పాటల ఒప్పందం చదివించడానికి అయ్యే ఖర్చు ఒక పూట స్టూడియో అద్దె కన్నా ఎక్కువ కాదు, కాకపోతే సినిమా ఒప్పందాలు చూసినవారై ఉండాలి, భూముల కేసులు చూసేవారు కాదు.